పొగ అలవాటు: లేదు

ఉప్పల్ చౌరస్తా నుంచి నాచారం ఫ్యాక్టరీల చివరి గేటు దాకా వెతికినా శామ్యూల్ కళ్ళలాంటి కళ్ళు ఇంకొక జత దొరకవు. ఇరవై రెండేళ్ళలో ఆ కళ్ళ ముందు నుంచి ఒక్క చెడ్డ సీసా కూడా దాటిపోలేదు. కావాలంటే నా మీసం పందెం. నాచారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో ఆయన పని సీసాలు చూడడం. ఇంజెక్షన్ మందు నింపిన చిన్న సీసాను వేళ్ళ మధ్య గిర్రున తిప్పి, ట్యూబ్‌లైటు కింద ముందు నల్ల పలకకు, తర్వాత తెల్ల పలకకు ఎదురుగా పట్టి, లోపల వెంట్రుక ముక్క గానీ గాజు రవ్వ గానీ ఈదుతోందేమో చూడాలి. ఉంటే ఎర్ర డబ్బాలో, లేకపోతే పచ్చ డబ్బాలో వేయాలి. ఒకసారి ఒక సీసాలో దోమ కాలు పట్టుకున్నాడనీ, అది ఎడమ కాలని కూడా చెప్పాడనీ ఫ్యాక్టరీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అటువంటి మనిషి ఈ పూట ఉప్పల్‌లో ఒక దవాఖానా కింది అంతస్తులో, నీలం ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఎదుటి గోడ మీద గడియారం చూస్తుంటే అక్కడ రెండు గడియారాలు ఒకదాని నెత్తిన ఒకటి వేలాడుతున్నాయి. రెండింట్లోనూ పదే అయింది. పదకొండింటికి ఆయన చేత అయోడిన్ మందు తాగిస్తారు. థైరాయిడ్‌ను చల్లార్చే రేడియోధార్మిక మందు. దాని కోసం రాత్రి నుంచి ఏమీ తినకుండా వచ్చి కూర్చున్నాడు.

రోతగా ఉంది. అంతకు ముందు ఎవరో కూర్చుని లేచిపోయిన వేడి ఆ కుర్చీలో ఇంకా ఉంది, ఎవరో తెలియని మనిషి పిర్రల వేడి తన తొడల్లోకి ఎక్కుతోంది. ఫినాయిలు వాసన, ఆ ఫినాయిలు కప్పలేకపోయిన మూత్రం వాసన. ఎదుటి వరుసలో ఒకాయన చేతిరుమాలులోకి కాండ్రించి ఉమ్మి, ఆ రుమాలు విప్పి, ఏముందో తీరుబడిగా చూసుకుని, మళ్ళీ నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాడు. ఇంకెవరైనా అయితే కళ్ళు మూసుకునేవాళ్ళు. శామ్యూల్‌కు ఆ వీలు లేదు. ఏడాదిగా ఆయన రెప్పలు పూర్తిగా మూతపడడం లేదు. పై రెప్ప మీదికి గుంజుకుపోయింది, గుడ్డు ముందుకు తోసుకొచ్చింది, ఎంత బిగించినా కింద ఒక తెల్లటి గీత మిగిలిపోతుంది, దుకాణం షట్టర్ సగంలో ఇరుక్కున్నట్టు. దేవుడు మనిషికి రెప్పలు పెట్టింది నిద్ర కోసం అనుకుంటారు గానీ, కాదు, ఇటువంటి రుమాళ్ళు చూడకుండా ఉండడం కోసం. పక్కనే గ్రేసీ, ఆయన భార్య, ఒళ్ళో సంచీ పెట్టుకుని కూర్చుంది. సంచీలో కొత్త స్టీలు పళ్ళెం, గ్లాసు ఉన్నాయి, రెండింటికీ అడుగున ఎర్రటి గోళ్ళరంగుతో గుర్తు పెట్టింది. మందు తాగాక వారం రోజులు ఆయన విడిగా పడుకోవాలి, విడిగా తినాలి, ఆయన పళ్ళెం ఇంకొకరు ముట్టకూడదు, పిల్లల దగ్గరికీ కడుపుతో ఉన్నవాళ్ళ దగ్గరికీ పోకూడదు. ఆమె అన్నీ సర్దింది. వెనక గది కడిగి, మంచం వేసి, కిటికీకి దోమతెర కూడా కొట్టింది. ఆమె ఎంత శ్రద్ధగా సర్దితే ఆయనకు లోపల అంత వెగటుగా ఉంది, చెయ్యని పుణ్యానికి ఎవరో దండ వేస్తున్నట్టు.

"నీల్లు తాగుతవా?"

"వద్దు."

"కండ్లల్ల చుక్కలు ఏస్తనా?"

"వద్దంటి గద."

చుక్కలు. ఎన్ని చుక్కలు పడ్డాయి ఈ కళ్ళల్లో. మొదట ఇసుక పడ్డట్టు గరగరలాడితే కండ్లకలక అనుకున్నారు, మందుల దుకాణంలో చుక్కలిచ్చారు. ఉప్పల్ మెట్రో కింద దుమ్ము అనుకున్నారు, నల్ల అద్దాలు కొన్నాడు. తర్వాత అద్దాల దుకాణంవాడు మూడు నెలల్లో మూడు జతలు మార్చాడు, మూడోసారి మార్చేటప్పుడు వాడే సిగ్గుపడ్డాడు. పక్కింటామె ఉల్లిగడ్డ రసం పిండితే చెడు నీరంతా కారిపోతుందని చెప్పింది, పిండారు, కారింది, చెడు నీరో మంచి నీరో గానీ రెండు రోజులు కారుతూనే ఉంది, ఇల్లంతా పకోడీల బండిలా కంపు కొట్టింది. ఈలోగా ఒళ్ళు కరిగిపోతోంది. ఇద్దరి తిండి తింటున్నాడు, రోజుకు నాలుగుసార్లు దొడ్డికి పోతున్నాడు, ఫ్యాను కింద కూడా చెమట, గుండె మాత్రం ఎవరో తరుముతున్నట్టు. చెయ్యి చాపితే వేళ్ళు వణికేవి. పప్పులో ఉప్పు తక్కువైందని ఒకరోజు పళ్ళెం ఎత్తి గోడకేసి కొట్టాడు. జన్మలో ఎన్నడూ చెయ్యని పని. గోడ మీద పప్పు మరక ఎంత కడిగినా పోలేదు, దాని మీద గ్రేసీ క్యాలెండరు తగిలించింది. అందరూ షుగరే అన్నారు. షుగరు ఎటూ ఉంది కాబట్టి అన్నిటికీ అదే నిందలు మోసింది. చివరికి రక్తపరీక్షలో థైరాయిడ్ అని తేలినప్పుడు, ఆడవాళ్ళకు వచ్చే జబ్బు నాకెందుకు వచ్చిందని ముందు దానికే సిగ్గుపడ్డాడు.

పొద్దున అద్దంలో చూసుకున్నప్పుడు వచ్చే వాంతి వేరు. రాత్రి కళ్ళకు జిడ్డు మందు రాసి, రెప్పలు కిందికి లాగి గ్రేసీ కాగితం టేపు అతికిస్తుంది. తెల్లారి ఊడదీస్తే టేపుతో పాటు నాలుగు వెంట్రుకలు, మూలల్లో పసుపచ్చ పుసులు, కింద సంచుల్లా వేలాడే వాపు, మధ్యలో ఎర్రటి నరాల గుడ్డు. కోసిన మేక తలను బండ మీద పెడితే దాని కన్ను చూసేది ఇట్లాగే. చిన్నప్పుడు ఆ తలకాయ కూర ఎంత ఇష్టంగా తినేవాడో తలుచుకుంటే ఇప్పుడు గొంతు దగ్గర అడ్డం పడుతుంది. మొన్న హబ్సిగూడలో షేర్ ఆటో ఎక్కి, ఎదురుగా కూర్చున్న ఆమె చేతిసంచీలో కరివేపాకు ఎంత తాజాగా ఉందో అనుకుంటున్నాడు, అంతే, అంతకు మించి ఏమీ అనుకోలేదు. ఆమె ఒక్కసారి లేచింది. "ఏందయ్యా గట్ల గుడ్లు పెట్టి సూస్తున్నవ్? ఇంట్ల ఆడోల్లు లేరా?" అంది. ఆటోలో నలుగురూ తిరిగి చూశారు. కళ్ళు దించుకుందామంటే రెప్ప దిగలేదు. రామంతాపూర్ దాకా పోవాల్సినవాడు అక్కడే దిగిపోయి నడిచాడు, గాలి కొట్టి రెండు కళ్ళా నీళ్ళు, చూసినవాళ్ళు ఏడుస్తున్నాడనుకున్నారు. ఏడవడం లేదు. ఏడ్చినా అంతకంటే బాగుండేది.

గడియారాల్లో పదీ పదిహేను. డాక్టర్ స్వర్ణలత తలుపు మూసి ఉంది. ఆమె మంచి మనిషి, అదే కష్టం. తిట్టే డాక్టరయితే అబద్ధం సులువు. గోళీలు ఏడాదిన్నర వాడించింది, గొంతు జబ్బు తగ్గింది, ఆపాక రెండు నెలలకే తిరగబెట్టింది, గోళీలు మళ్ళీ మొదలుపెట్టించి అప్పుడు ఈ తాగే మందు సంగతి ఎత్తింది. ఇరవై రోజుల కిందట చీటీ వెనక్కి తిప్పి పెన్నుతో ఒక గుండ్రం గీసి, దాని వెనక లావుపాటి తాళ్ళు గీసి చెప్పింది. "చూడండి శామ్యూల్ గారూ, రోగం ఒక్కటే గానీ రెండు తావుల కూసున్నది. మీ ఒంట్ల కావలి ఉండాల్సినవే తిరగబడి గొంతుల గ్రంథిని రెచ్చగొడుతున్నయి, అందుకే అది ఎక్కువ పని చేస్తుంది. అవే కంటి వెనక కండరాలకు వాపు తెస్తున్నయి, గుడ్డు ముందుకు తోస్తుంది. గొంతు తగ్గింది కదా అని కన్ను దానంతట అది తగ్గదు. దాన్ని విడిగా చూసుకోవాలె." ఆ మాట ఆయనకు మొదటిసారి అర్థమైంది. అంతకు ముందు, గోళీలతో రక్తపరీక్ష బాగైనా కన్ను పాడవుతుంటే, గోళీలే కన్ను తింటున్నాయని అనుకునేవాడు, మధ్యలో వారాలకు వారాలు ఎగ్గొట్టేవాడు. ఆమె ఇంకా చెప్పింది. "ఈ అయోడిన్ మందు తోటి కొంతమందికి కన్ను ఇంకా ఎక్కువయితది. పొగ తాగేటోల్లకు మరీ. గసొంటోల్లకు ముందే స్టెరాయిడ్ ఇస్తం, లేదంటే ఈ మందే వద్దంటం. మీకు షుగర్ ఉంది, స్టెరాయిడ్ ఇవ్వాలంటే నాకు భయం. అందుకే రెండు మాటలు అడుగుత, నిజం చెప్పాలె. పొగ తాగుతరా? వస్తువులు రెండు రెండుగ కనిపిస్తున్నయా?"

అక్కడ. అదిగో అక్కడ. నోరు తెరవాల్సిన తావు అదే. కానీ ఆయన తెరిచే లోపు గ్రేసీ తెరిచింది. "బీడీలా మేడమ్? మానేసి రెండేండ్లాయె. చర్చిల సాక్ష్యం గుడ చెప్పిండు. కావాల్నంటే మా పాస్టరయ్యనడుగున్రి." ఎంత గర్వంగా చెప్పింది. ఆ ముఖంలో ఆ వెలుగు, పెళ్ళినాడు కూడా అంత లేదు. శామ్యూల్ తల ఊపాడు. అబద్ధం ఆడలేదు, తల మాత్రమే ఊపాడు, మెడకు కూడా అదే జబ్బు వచ్చినట్టు దానంతట అదే ఊగింది. రెండో ప్రశ్నకు నవ్వాడు. "సీసాలు సూసే పని మేడమ్ నాది, రెండు కనిపిస్తే ఎట్ల?" అన్నాడు. అదీ అబద్ధం కాదు, ప్రశ్న. ఆమె కూడా నవ్వి కాగితంలో ఏదో రాసుకుంది. ఇరవై రోజులుగా ఆ నవ్వు నోట్లో చేదుగా నాని ఉంది, ఎంత పుక్కిలించినా పోదు.

సాక్ష్యం అంటే తెలియనివాళ్ళకు చెప్పాలి. సంఘంలో ఎవరికైనా దేవుడు మేలు చేస్తే వాళ్ళు అందరి ముందూ లేచి నిలబడి చెప్పాలి, మిగతావాళ్ళు చప్పట్లు కొట్టి స్తోత్రం అనాలి. రెండేళ్ళ కిందట గుడ్ ఫ్రైడే నాడు శామ్యూల్ నిజంగానే బీడీ మానేశాడు. పదకొండో రోజు ఉపవాస ప్రార్థనలో లేచి, రోజుకు కట్ట బీడీలు తాగేవాణ్ణి, ప్రభువు విడిపించాడు అన్నాడు. ఆ పూటకు అది పూర్తిగా నిజం. చప్పట్లు ఎంతసేపు కొట్టారంటే ఆయనకు ఒళ్ళు పులకరించింది. పాస్టరయ్యకు ఆ సాక్ష్యం నచ్చింది. తన వ్యానులో ఎక్కించుకుని రామంతాపూర్ కూడికకు తీసుకుపోయాడు, అక్కడ కట్ట రెండు కట్టలయింది. బోడుప్పల్‌లో నాలుగు కట్టలయింది, దగ్గితే నెత్తురు పడేదన్నాడు, పడలేదు. హబ్సిగూడలో, చివరి బీడీ ముట్టించబోతే గాలి లేకుండానే మూడుసార్లు అగ్గిపుల్ల ఆరిపోయిందన్నాడు. ముందు వరుసలో ముసలమ్మలు వలవల ఏడ్చారు. ఆ కూడిక నుంచి ఇంటికి వచ్చే దారిలోనే, ఎంతమంది ఏడ్చారో తలుచుకుంటూ, ఒకటి ముట్టించాడు. మొదటి పుల్లకే అంటుకుంది.

అక్కడితో అయితే ఒక రకం. ఆ సాక్ష్యం విని జోసఫ్ మానేశాడు. జోసఫ్ ఆటో తోలుతాడు, నలభై ఏళ్ళవాడు, తాగుబోతు కల్లు తాగినట్టు పొగ తాగేవాడు, మానేశాడంటే మానేశాడు, ఇప్పటికీ ముట్టలేదు. ప్రతి ఆదివారం ఆరాధన అయిపోయాక వచ్చి శామ్యూల్ కుడిచెయ్యి రెండు చేతులతో పట్టుకుని, "అన్నా, గీ చెయ్యి ముట్టుకుంటే నాకు బలమొస్తది" అని ఆ వేళ్ళు కళ్ళకద్దుకుంటాడు. ఆ వేళ్ళు. ఆ క్షణాన శామ్యూల్‌కు తన చేతిని మణికట్టు దగ్గర తెంపి అతనికే ఇచ్చేసి పారిపోవాలనిపిస్తుంది. ఇంటికి పోయి సబ్బుతో తోముకుంటాడు. చెయ్యి మురికి కాదు, దానికి వాసన కూడా లేదు, అందుకే ఇంకా రోత.

వాసన ఎందుకు లేదంటే దానికో ఏర్పాటు ఉంది. ఫ్యాక్టరీ వెనక గోడ పక్కన నాలా పారుతుంది. పారుతుంది అనడం మర్యాద, రంగురంగుల నురగతో కూర్చుని ఉంటుంది. కుళ్ళిన గుడ్లు, కాలిన రబ్బరు, చచ్చిన కుక్క, వీటన్నిటి మీద తియ్యటి మందు వాసన. ముక్కున్నవాడెవడూ అటు పోడు. శామ్యూల్ ఏరి ఏరి అక్కడికే పోతాడు. ఆ కంపు బట్టలకు పట్టుకుంటే దానికింద బీడీ కంపు దొరకదు, ఇంటికి పోతే గ్రేసీ, "మీ ఫ్యాక్టరీ మన్నుగాను" అని చొక్కా నానబెడుతుంది. వేళ్ళకు వాసన అంటకుండా, పాడైన రబ్బరు మూతలు ఏరడానికి ఇచ్చే సన్నటి స్టీలు చిమ్టాతో బీడీ పట్టుకుంటాడు. నోట్లో జామాకు, తర్వాత యాలక. తోడుగా వచ్చే స్టోరు రూము హన్మయ్య మొదటిసారి చూసి, "శామ్యూలన్నా, బీడీ తాగుతున్నవా, ఆపరేషన్ జేస్తున్నవా?" అని పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వితే నవ్వాడు. యాభై నాలుగేళ్ళ మనిషి, సంఘంలో పెద్ద, ముక్కు మూసుకోవాల్సిన చోట నోరు తెరుచుకుని, చిమ్టా కొసన ఎర్రటి నిప్పు, కళ్ళ నిండా పొగ మంట, మూతపడని రెప్పల మధ్య నేరుగా పొగ. ఆ దమ్ముల్లో రుచి కూడా లేదు. పచ్చి ఆకు కాలిన చేదు, నాలుక మీద నాలా రుచి. రోజుకు ఆరు బీడీల దాకా తాగుతాడు. ఈ పొద్దున కూడా తాగాడు, ఏమీ తినవద్దన్నారు గానీ బీడీ వద్దని ఎవరూ చెప్పలేదు కదా అని తనకు తాను చెప్పుకుని.

పదిన్నర. గుండె కొట్టుకుంటోంది. ఈ మందు కోసం వారం కిందటే గోళీలు ఆపించారు, లోపల మళ్ళీ పరుగు మొదలైంది. గ్రేసీ పెదాలు కదుపుతూ ప్రార్థన చేస్తోంది. దేని కోసమో ఆయనకు తెలుసు, కన్ను కోసం. ఈయన బీడీల వల్ల ఆ కన్ను అయోడిన్‌తో ఇంకా చెడవచ్చని ఆమెకు తెలియదు, తెలిసేలా చెయ్యాల్సినవాడు పక్కనే ఉన్నాడు. చెడితే ఏమవుతుంది? నరం నొక్కుకుపోతే చూపే పోవచ్చని డాక్టరమ్మ ఆ రోజు మెల్లగా అంది. పోతే పోనీ అని ఒకసారి, ఆ రోతలన్నీ చూడాల్సిన పని ఉండదు. అమ్మో వద్దు అని మరుక్షణం. చెప్తే? చెప్తే ఈ పక్క కుర్చీలో వెలుగు ఆరిపోతుంది. రెండు కనిపిస్తున్నాయని చెప్తే ఫ్యాక్టరీలో బల్ల పోతుంది. ఆరు నెలలకొకసారి సీసాలు చూసేవాళ్ళకు కళ్ళ పరీక్ష పెడతారు. ఆయన గోడ మీద అక్షరాల పట్టిక మొత్తం కంఠస్థం చేశాడు, చిన్నప్పుడు బైబిలు వాక్యాలు కంఠస్థం చేసినట్టు, ఇప్పుడు నిద్రలో లేపినా పై నుంచి కిందికీ కింది నుంచి పైకీ చెప్తాడు.

ఇక దాచి లాభం లేదు, నా మీసం సంగతి తేల్చేద్దాం. పందెం ఓడిపోయాను. పోయిన నెల పన్నెండో తారీఖున ఒక సీసా దాటిపోయింది. పక్క బల్ల దగ్గర మానస అనే అమ్మాయి పనిచేస్తుంది, పచ్చ డబ్బాల్లోంచి కొన్ని తీసి రెండోసారి చూడడం ఆమె పని. ఆమె ఒక సీసాను లైటుకు పట్టి, చాలాసేపు పట్టి, లేచి వచ్చి ఆయన చెవి దగ్గర, "అంకుల్, ఇది జర సూడున్రి" అంది. గాజు రవ్వ. నల్ల పలక ముందు చుక్కలా మెరుస్తూ కిందికి దిగుతోంది, ఎవరికైనా కనిపిస్తుంది, గుడ్డివాడికి కూడా. శామ్యూల్‌కు ఎందుకు కనిపించలేదంటే, ఆయన ముందు రెండు సీసాలున్నాయి, పైన ఒకటి, కింద ఒకటి. ఉన్న సీసాను వదిలేసి లేని సీసాలో వెతికాడు. లేని సీసా శుభ్రంగా ఉంది. మానస ఎవరికీ చెప్పకుండా దాన్ని ఎర్ర డబ్బాలో వేసి, "నిద్ర సాలలేదా అంకుల్?" అని మాత్రం అంది. ఇప్పుడు మీరు నా మీసం అడుగుతారు. పందెం కాసినప్పుడు చెప్పలేదు గానీ, నాకు మీసమే లేదు.

దొరికింది ఒకటి. దొరకనివి? అది ఆలోచించినప్పుడల్లా ఆయనకు నోట్లో నీళ్ళూరతాయి, వాంతికి ముందు ఊరే నీళ్ళు. ఎక్కడో ఏ ఊళ్ళోనో ఏ మంచం మీదో ఒక చెయ్యి, దాని మీద దూదితో తుడిచిన చోటు, సూది. పోయిన నెల నుంచి ఎవరి చేతికి సూది పొడుస్తున్నా తల తిప్పుకుంటున్నాడు. ఇందాక ఈ దవాఖానాలోనే, వరండాలో ఒక పాపకు నర్సు సూది వేస్తుంటే పాప ఏడుస్తూ ఈయన వైపు చూసింది. చూసి, సూది మరిచిపోయి, ఈయన కళ్ళకు జడిసి ఇంకా గట్టిగా ఏడ్చింది. ఆ పాప సరిగ్గానే జడిసిందని ఆయనకు అనిపించింది. ఇరవై రెండేళ్ళు ఎర్ర డబ్బాలో వేయాల్సినవి వేశాడు. ఈ పూట ఎవరైనా తనను వేళ్ళ మధ్య గిర్రున తిప్పి లైటుకు పట్టి చూస్తే ఏముంది లోపల? నాలా నురగ, జామాకు తుక్కు, పోగైన చప్పట్లు. ఏ డబ్బాలో వేయాలో అడగక్కర్లేదు.

"శామ్యూల్! ఎవరండీ శామ్యూల్?"

కౌశల్ అనే అతను, ఈ మందు తాగించే ఉద్యోగి, తలుపులో నిలబడి ఉన్నాడు. గ్రేసీ ముందు లేచింది. గది చిన్నది, చల్లగా ఉంది, గోడ పక్క బల్ల మీద సీసంతో చేసిన బరువైన డబ్బా, దానిలో చిన్న గ్లాసు, ఒక గొట్టం. ఇంత చిన్న గ్లాసులో నీళ్ళలాంటి మందు కోసం ఇంత బందోబస్తు. కౌశల్ ఒక కాగితం ముందు పెట్టాడు. "అమ్మా, మీరు తలుపు కాడనే ఉండున్రి. సార్, ఒకసారి సూస్కొని సంతకం చెయ్యున్రి." శామ్యూల్ చూశాడు. పేరు, వయసు, షుగరు ఉంది, కింద వరుసలో పొగ అలవాటు: లేదు. దాని మీద కొంచెం ఎత్తున ఇంకోసారి, పొగ అలవాటు: లేదు. ఒక్కసారి రాసింది ఆయనకు రెండుసార్లు కనిపిస్తోంది. తల పక్కకు వంచితే ఒకటవుతుందని తెలుసు, రోజూ బల్ల దగ్గర అట్లాగే వంచి బతుకుతున్నాడు. వంచబోయాడు. మెడ వంగలేదు. ఊగడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉండే ఆ మెడ ఈసారి కర్రలా నిలబడింది. పెన్ను కింద పెట్టాడు.

"తాగుత," అన్నాడు.

"ఆ, గొట్టంతోటి తాగున్రి, కానీ ముందుగాల సంతకం..."

"మందు గాదు బిడ్డా. బీడీలు. రోజుకు ఆరు. పొద్దుగాల గుడ ఒకటి తాగొచ్చిన. ఇగో, గీ రాసింది నాకు రెండు సార్లు కనిపిస్తుంది. గీ గిలాస గుడ రెండు కనిపిస్తున్నయి. డాక్టరమ్మను పిలువు."

కౌశల్ ముందు డబ్బాకు మూత పెట్టి, తర్వాత ఫోను తీశాడు. తలుపు దగ్గర నుంచి గ్రేసీ మెల్లగా లోపలికి వచ్చింది, రావద్దని కౌశల్ అన్నా వినలేదు. ఆయన కుడిచెయ్యి పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. మళ్ళీ చూసింది.

"వాసన రాదే."

"చిమ్టాతోటి పట్టుకుంట."

బీడీ అన్నప్పుడు మారని ముఖం చిమ్టా అన్నప్పుడు మారింది. మురిగిన కూర గిన్నె మూత తీసినప్పుడు ఏ ముఖం పెడుతుందో ఆ ముఖం. "గింత తెలివి పెట్టినవా దీనికి," అంది. "తాగితే తాగినవ్ పో. గా జోసఫ్‌కు ఏం మొకం సూపెట్టాలె నేను?" చెయ్యి వదిలేసి, సంచీ తీసుకుని, పోయి బయట మూడో వరుసలో, ఆ రుమాలాయన పక్కన కూర్చుంది. ఆయన పక్కన కూర్చోవడం కంటే అదే నయమన్నట్టు.

స్వర్ణలత వచ్చింది. అరుస్తుందనుకున్నాడు, అరవలేదు. ఆయన్ను కూర్చోబెట్టి పెన్ను పైకీ కిందికీ పక్కకూ తిప్పి, ఎక్కడ రెండవుతోందో అడిగింది. ఈసారి ప్రతిచోటా నిజమే చెప్పాడు, చెప్తుంటే పంటి సందులో ఇరుక్కున్న పీచు బయటికి వస్తున్నట్టు ఒక నొప్పి, ఒక హాయి. "ఇయ్యాల తాగి ఉంటే ఏమయ్యేదో నాకు తెల్వది, మీకూ తెల్వది," అంది. "ఇయ్యాల వద్దు. మళ్ళ గోళీలు మొదలువెట్టున్రి, ఈసారి ఒక్కటి గుడ ఎగ్గొట్టొద్దు. కంటి డాక్టర్‌కు రాసిస్తున్న, రేపే పోవాలె. కన్ను నిలకడకొచ్చినంక గొంతుకు ఆపరేషనా, ఇదే మందా, అప్పుడు సూద్దాం. బీడీ మాత్రం ఇయ్యాల్టితోటి ఆఖరు. నేనిచ్చే మందులన్నిటి కన్నా అదే పెద్ద మందు మీ కంటికి." తర్వాత ఇంకో కాగితం మీద ఫ్యాక్టరీకి రాసింది, ఈయనకు చూపు పని ఇవ్వవద్దని. ఇరవై రెండేళ్ళ బల్ల మూడు వరుసల్లో పోయింది. ఆ కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుంటుంటే వేలికి చిమ్టా తగిలింది. తీసి అక్కడే చెత్తబుట్టలో వేశాడు. టంగుమంది. కొత్తదే.

ఇంటికి ఒకే ఆటోలో వచ్చారు, మధ్యలో ఆ సంచీ పెట్టి. ఎర్ర గుర్తు పళ్ళెం అవసరం లేకపోయినా ఆ రాత్రి గ్రేసీ ఆయనకు అందులోనే పెట్టింది, వెనక గదిలోనే పక్క వేసింది. కళ్ళకు టేపు మాత్రం వచ్చి అతికించింది, ఒక్క మాట లేకుండా, అవసరమైన దానికంటే కొంచెం గట్టిగా నొక్కి. ఆ ఆదివారం శామ్యూల్ చర్చిలో లేచి నిలబడ్డాడు. పాస్టరయ్య ఇంకో సాక్ష్యం అనుకుని మైకు ఇచ్చాడు. నాలుగు కట్టలు అబద్ధం, నెత్తురు అబద్ధం, ఆరిపోయిన అగ్గిపుల్ల అబద్ధం, మానేసింది పదకొండు రోజులకు తోడు ఇంకొన్నాళ్ళు మాత్రమే, ఇప్పుడు మళ్ళీ మానేసి నాలుగు రోజులు అన్నాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. జోసఫ్ లేచి వచ్చి ఆ చెయ్యి మళ్ళీ పట్టుకుని, "అయితే ఇప్పుడు నా చెయ్యి ముట్టుకో అన్నా, నీకు బలమొస్తది" అన్నాడు. ఆడవాళ్ళ వైపు నుంచి ఒక్క గొంతు స్తోత్రం అంది, అది గ్రేసీ గొంతు.

బాగుంది కదా. ఈ ఆదివారం సంగతి మొత్తం నేను కల్పించాను. దవాఖానాలో జరిగింది జరిగినట్టే చెప్పాను, బల్ల పోయిన మాట నిజం, ఇప్పుడాయన స్టోరు రూములో హన్మయ్య పక్కన అట్టపెట్టెలు లెక్కపెడుతున్నాడు, బీడీ లేకుండా ఇరవై ఆరు రోజులైందన్నదీ నిజమే. చర్చికి కూడా వెళ్తున్నాడు. ఆరాధన అయ్యాక జోసఫ్ వస్తాడు, చెయ్యి పట్టుకుంటాడు, కళ్ళకద్దుకుంటాడు, ఆడవాళ్ళ వైపు నుంచి గ్రేసీ చూస్తూ ఉంటుంది. లేపి నిలబెట్టింది మాత్రం నేను. శామ్యూల్ ఇంకా కూర్చునే ఉన్నాడు.